మీగడా? వెన్నా?

సావనీరుకు సైన్సు మీద ఏదైనా వ్యాసం రాసి ఇవ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, అంతరిక్షం గురించో అణుశక్తి గురించో రాస్తాననుకున్నారు కాబోలు. నేను ముఖానికీ కాళ్లకూ రాసుకునే క్రీముల గురించి రాస్తానంటే హాస్టల్లో నా రూమ్మేట్లు పడీపడీ నవ్వారు. "వీడు స్నో పౌడర్ల డాక్టరు అయ్యాడురా" అని పేరు కూడా పెట్టారు. నవ్వినా ఫరవాలేదు. బి.ఎస్సీ.లో కొలాయిడ్ల పాఠం రెండుసార్లు చదివి పరీక్ష రాశాను గాని, ఆ పాఠం నాకు నిజంగా అర్థమయింది మాత్రం ఒకసారి కొండాపూర్‌లో మా అక్క వంటింట్లో, ఇంకొకసారి మిర్యాలగూడ దగ్గర మా ఊళ్లో అమ్మ పొయ్యి దగ్గర. ఆ కథే ఇది.

ముందు అమ్మ కాళ్ల గురించి చెప్పాలి. మాది సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే ఊరు. మాకున్న పొలం కొంచెమే గనుక అమ్మ మా మడిలోనూ నాటు వేస్తుంది, ముఠాతో కలిసి ఇతరుల మడుల్లోనూ వేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో నానిన మడమలు రాత్రి ఆరి పగులుతాయి, పొద్దున మళ్లీ నానుతాయి. పోయిన వానాకాలం నాట్లప్పుడు ఒక పగులు లోతుకు దిగి చీము పట్టింది. కాలు పిక్క దాకా వాచింది. సూదులు, మాత్రలు, తొమ్మిది రోజుల కూలి పోవడం - ఇవన్నీ నాకు ఫోనులో కూడా చెప్పలేదు. దసరా ముందు నాన్న నోరుజారితే తెలిసింది. అప్పుడే అనుకున్నాను, కెమిస్ట్రీ చదువుతున్న కొడుకు అమ్మ కాళ్లకు ఒక మందు క్రీము చేసి ఇవ్వలేడా అని.

దసరా సెలవుల్లో మొదటి వారం కొండాపూర్‌లో మా పెద్దమ్మ కూతురు దగ్గర ఉన్నాను. అక్కా బావా ఇద్దరూ హైటెక్ సిటీలో ఉద్యోగులే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కువగా బండరాళ్లూ తుప్పలే ఉండేవని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు అక్కడ అద్దాల మేడలు, వాటి లోపల రోజంతా ఏ.సి. గాలి. ఏ.సి. యంత్రం గాలిని చల్లబరిచేటప్పుడు అందులోని తేమ చల్లటి గొట్టాల మీద నీరై కారిపోతుంది. ఆ పొడిగాలిలో తొమ్మిది గంటలు కూర్చున్న అక్కకు చేతులు తెల్లగా పొలుసుకడతాయి. బురదలో నానే అమ్మకూ, ఏ.సి.లో ఎండే అక్కకూ బాధ చర్మంతోనే! అక్క మీద ముందు ప్రయోగం చేసి, కుదిరాక అమ్మకు పంపుదామని లెక్క వేశాను. ఆ లెక్కలోనే తప్పుంది. అది తరవాత చెబుతాను.

అక్క వాళ్ల అపార్టుమెంటు వాట్సాప్ గుంపులో ఒకావిడ ఇంట్లో చేసిన క్రీము అమ్ముతుంది. దాన్ని చూసే అక్కకూ ఆశ పుట్టింది. (అమ్మకానికి సౌందర్య సాధనాలు తయారు చేయాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ రూల్సు ప్రకారం లైసెన్సు ఉండాలి. ఈ సంగతి ఇళ్లల్లో చేసి అమ్మే చాలామందికి తెలియదు. మేము అమ్మలేదు లెండి.) గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా, ఒక థర్మామీటరు తెప్పించాం. మొదటి లెక్క ఇదీ: నూరు గ్రాములకు నీళ్లు 71, నూనె 12, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ 6, గ్లిసరిన్ 10, బూజు పట్టకుండా ఫినాక్సీ ఇథనాల్ 1. నీళ్లనూ, మైనం కరిగిన నూనెనూ వేరువేరుగా 70 డిగ్రీల దాకా వేడి చేసి, ఒకదాంట్లో ఒకటి పోస్తూ మిక్సీ కర్రతో గిలకొట్టాలి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే మైనం అక్కడికక్కడే గడ్డకట్టి రవ్వరవ్వగా మిగిలిపోతుంది. ఆ పాఠం మొదటి గిన్నెతోనే నేర్చుకున్నాను.

రెండో గిన్నెలో అద్భుతం జరిగింది. నీళ్లకు రంగు లేదు. నూనె లేత పసుపు, పారదర్శకం. రెండూ కలిపి గిలకొట్టగానే పాలవంటి తెలుపు! మీలో ఎందరో రోజూ పాలు చూస్తూనే ఉన్నారు గాని ఈ తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారా? తెల్లటి పదార్థం ఏదీ అందులో లేదు. నీటి వక్రీభవన గుణకం 1.33, నూనెలకు ఇంచుమించు 1.47. కాంతి నీటిలోంచి నూనె బిందువులోకి, బిందువులోంచి మళ్లీ నీటిలోకి పోయేటప్పుడల్లా దారి మళ్లుతుంది. కోట్ల బిందువులు ఉంటే ఆ కాంతి అన్ని వైపులకూ చెదిరి, అన్ని రంగులూ కలిసే తిరిగి మన కంటికి వస్తాయి. అదే తెలుపు. దీన్నే కాంతి పరిక్షేపణం అని మన పుస్తకంలో చదువుకున్నాం. బిందువులు చిన్నవై, సంఖ్య పెరిగితే తెలుపు ఇంకా పెరుగుతుంది. పాకెట్టు పాలు తెల్లగా కనబడటానికి, మా గేదె పాలు మీగడ కట్టినంతగా అవి కట్టకపోవడానికి ఒకటే కారణం - డెయిరీలో కొవ్వు బిందువులను ఒత్తిడితో చిన్నవిగా విరగ్గొడతారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. గ్లిసరిన్ గుణకం కూడా 1.47. నీళ్లకు బదులు గ్లిసరిన్ ఎక్కువగా పోసి, రెండు వైపులా గుణకం సమానం చేస్తే అదే క్రీము అద్దంలా పారదర్శకమవుతుంది. కనుక తెల్లగా ఉంది గనుక పాలలా స్వచ్ఛమైనదని ఎవరైనా అంటే నమ్మకండి. తెలుపు కాంతి ఆట మాత్రమే.

అక్క చేతికి రాసుకుని పెదవి విరిచింది. "తమ్ముడూ, ఇది జిగురుగా ఉందిరా. కీబోర్డుకు అంటుకుంటుంది. రుద్దితే తెల్లగా సబ్బు నురగలాగా చారలు వస్తున్నాయి. పైగా సీసా వంచితే నీళ్లలాగా కారుతోంది." మూడు ఫిర్యాదులు, మూడింటికీ కారణాలు వేరు. జిగురు గ్లిసరిన్‌ది. అది గాలిలో తేమను పట్టి చర్మానికి ఇస్తుంది గాని పదో వంతు ఉంటే బెల్లం పాకంలా అంటుకుంటుంది. నాలుగు శాతానికి తగ్గించాను. తెల్ల చారలు ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ ఎక్కువైనందుకూ, మిక్సీ కర్రను పైకీ కిందికీ ఆడించి గాలి ఎక్కించినందుకూ వచ్చాయి. వ్యాక్స్ ఆరు నుంచి నాలుగు చేసి, కర్రను అడుగుకే ఆనించి తిప్పితే చాలావరకు పోయాయి.

మూడోది కారిపోవడం. దీని మీద నాలుగు రోజులు కూర్చున్నాను. చిక్కదనానికి దారులు రెండు. నూనె వైపు గట్టిపరచవచ్చు - సెటైల్ ఆల్కహాలు వంటి మైనపు పదార్థం రెండు శాతం వేస్తే చల్లారాక వెన్నలాగా నిలుస్తుంది. పేరు ఆల్కహాలే గాని అది తెల్లటి మైనపు పలుకు, తాగేది కాదు. లేదా నీళ్ల వైపు చిక్కబరచవచ్చు. గంజి, తుమ్మబంక, బెండకాయ జిగురు చేసే పని ఇదే. గోరుచిక్కుడు గింజల నుంచి తీసేదే గ్వార్ గమ్. నేను వాడింది జాంథన్ గమ్. దీని పుట్టుక చూస్తే రైతుబిడ్డకు నవ్వొస్తుంది. వరికి ఎండాకు తెగులు తెచ్చే బాక్టీరియా జాంథోమోనాస్ అని అగ్రికల్చరు వాళ్లు చెబుతుంటారు గదా, దాని దగ్గరి చుట్టమే క్యాబేజీకి నల్లకుళ్లు తెచ్చేది. ఆ క్యాబేజీ క్రిమిని చక్కెర నీళ్లలో పెంచితే ఊరే జిగురే ఈ గమ్! అమెరికా వ్యవసాయ శాఖ వారి పియోరియా ప్రయోగశాలలో ఎలీన్ జీన్స్ అనే శాస్త్రవేత్త బృందం దీన్ని వెలికితీసింది. మా నాన్న మందు కొట్టి చంపేది ఒకణ్ణి, వాడి దాయాదితో అక్క క్రీము చిక్కబడింది. అయితే నీళ్లలో నేరుగా చల్లితే ఉప్మా రవ్వలాగా ఉండలు కడుతుంది. ముందు గ్లిసరిన్‌తో తడిపి తరవాత నీళ్లు పోయాలి. 0.2 శాతం చాలు. నిలువ ఉన్నప్పుడు చిక్కగా ఉండి, వేలితో రుద్దగానే పలచబడటం దీని గుణం. అది లోషన్‌కు కావలసిన గుణమే.

ఈ చిక్కదనం చేతికి హాయి కోసమే కాదు. బిందువులు పైకి తేలకుండా ఆపేదీ ఇదే. పాల మీద మీగడ ఎందుకు కడుతుంది? నూనె నీళ్లకన్న తేలిక గనుక. ఎంత వేగంగా తేలుతుందో స్టోక్స్ సూత్రం చెబుతుంది: వేగం బిందువు వ్యాసార్ధపు వర్గానికి అనులోమానుపాతంలో, ద్రవపు స్నిగ్ధతకు విలోమానుపాతంలో ఉంటుంది. నేను లెక్క కట్టి చూశాను. పది మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న నూనె బిందువు ఉత్త నీళ్లలో గంటకు ఇంచుమించు ఆరు సెంటీమీటర్లు తేలుతుంది. అంటే అక్క ఆఫీసుకు వెళ్లేలోపల సీసా రెండుగా విడిపోతుంది. బిందువును ఒక మైక్రాన్ చేస్తే నూరు రెట్లు నెమ్మదిస్తుంది. దాని పైన ద్రవాన్ని వెయ్యి రెట్లు చిక్కబరిస్తే గంటకు మైక్రాన్ కూడా కదలదు. పరీక్షలో ఐదు మార్కులకు రాసిన సూత్రం సీసాలో పనిచేయడం చూసి నాకు కలిగిన సంతోషం, నిజం చెబుతున్నాను, ఐదు మార్కుల కన్న ఎక్కువ.

అయినా అక్క ముక్కు మీద మెరుస్తోందని పేచీ పెట్టింది. మొక్కజొన్న పిండి రెండు శాతం కలిపితే జిడ్డు మెరుపు తగ్గి పౌడరు రాసినట్టు మెత్తగా అయింది. మెరుపే కావాలంటే వేరే దారి ఉంది. మన అమ్మమ్మల కాలపు స్నోలలో ముత్యంలాంటి తళుకు ఉండేది చూశారా, అది స్టియరిక్ ఆమ్లపు సన్నటి పలుకుల తళుకు. ఆ ఆమ్లంలో కొంత భాగాన్ని క్షారంతో సబ్బుగా మార్చి, మిగతాది నీళ్లలో పలుకులుగా ఉండనిస్తే స్నో అవుతుంది. రుద్దగానే మాయమైనట్టుంటుంది కాబట్టి ఇంగ్లీషులో వానిషింగ్ క్రీము అన్నారు.

ఏడో గిన్నెకు అక్క "ఓకే" అంది. బావ అయితే రోజూ ఆఫీసు నుంచి రాగానే "ఇది ఎన్నో వెర్షన్ బామ్మర్దీ?" అని అడిగేవాడు.

ఇక అమ్మ సంగతి. డిసెంబరులో యాసంగి నాట్లు మొదలవుతాయని, అక్క లోషన్ లెక్కనే తీసుకుని దాన్ని బాగా గట్టిపరచాను. సెటైల్ ఆల్కహాలు ఐదు శాతం, గమ్ రెట్టింపు. పగుళ్లకు మంచిదని కుండీలోని కలబంద కోసి తాజా గుజ్జు కలిపాను. మందులేవీ లేకుండా సహజంగా ఉండాలని అనిపించి, బూజు ఆపే ఫినాక్సీ ఇథనాల్ వేయలేదు. చూడటానికి అన్నింటిలోకీ అందమైనది అదే. లేత ఆకుపచ్చ నీడతో, గరిటె నిలబడేంత చిక్కగా, నున్నగా మెరుస్తూ ఉంది. మా ఊరి బస్సెక్కే ఒకాయనతో డబ్బా పంపించాను.

సంక్రాంతికి ఇంటికి పోయి అడిగితే అమ్మ మెల్లగా అంది: "ఏమో బిడ్డా, డబ్బల సూస్తే మంచిగనే ఉండె. మడిల కాలు పెట్టంగనే తెల్లగ పాలోలె కారిపాయె." నాకు తల తిరిగింది. ఎందుకంటే ఇది పరీక్షనాళికలో మేము చేసే పరీక్షే. ఎమల్షన్ నీళ్లలో సులువుగా కలిసిపోతే నీళ్లే బయట, నూనె లోపల ఉన్నట్టు. కలవకుండా ముద్దగా తేలితే నూనె బయట, నీళ్లు లోపల ఉన్నట్టు. ఏది బయట ఉంటుందో చిక్కదనం తేల్చదు, కలిపే పదార్థం తేలుస్తుంది. అది నీళ్లలో ఎక్కువ కరిగేదైతే నీళ్లు బయట, నూనెలో ఎక్కువ కరిగేదైతే నూనె బయట - ఇది బాన్‌క్రాఫ్ట్ నియమం. 1949లో గ్రిఫిన్ అనే ఆయన దీనికి అంకెలు కూడా కట్టాడు. మూడు నుంచి ఆరు దాకా ఉన్నవి నూనె బయట ఉండే క్రీములకు, ఎనిమిది దాటినవి నీళ్లు బయట ఉండేవాటికి. నేను వాడిన వ్యాక్స్ రెండో రకం. దాంతో ఎంత చిక్కగా చేసినా అది మడి నీళ్లను చూసి చుట్టాన్ని చూసినట్టు కలిసిపోతుంది.

అసలు ఈ తేడా అమ్మకు నాకన్న బాగా తెలుసు. మీగడా చిక్కనే, వెన్నా చిక్కనే. మీగడను నీళ్లలో వేస్తే కలిసి పాలనీళ్లవుతుంది. వెన్నను వేస్తే ముద్దగా తేలుతుంది. మీగడలో కొవ్వు బిందువులు నీళ్లలో ఉన్నాయి. కవ్వంతో చిలికేటప్పుడు ఆ బిందువుల పొరలు చిరిగి ఒకదానికొకటి అంటుకుని, ఒక క్షణాన లోపలిది బయటికీ బయటిది లోపలికీ తిరగబడుతుంది. ఇప్పుడు కొవ్వు బయట, నీటి బిందువులు లోపల. మన పుస్తకం దీన్ని ప్రావస్థల విపర్యయం అంటుంది. అమ్మ "వెన్న పడ్డది" అంటుంది. ఎండాకాలం వెన్న పడకపోతే చల్లనీళ్లు, చలికాలం గోరువెచ్చనివి పోస్తుంది. కొవ్వు మరీ కరిగినా అంటుకోదు, మరీ గడ్డకట్టినా అంటుకోదు, సగం సగం ఉండాలని ఆమెకు ఎవరు చెప్పారు? నాకు తెలియాల్సింది ఇదే - అక్కకు కావలసింది మీగడ, అమ్మకు కావలసింది వెన్న. నేను అమ్మకు గట్టి మీగడ పంపాను.

అంతటితో పోలేదు. డబ్బా తెమ్మన్నాను. మూత తిప్పితే మూత కిందా, అంచు చుట్టూ నల్లటి చుక్కలు! నేను అదిరిపడితే అమ్మ నవ్వింది. "బూజు వస్తే తీసి పారేసిన. తొక్కు మీద బూజు తీసెయ్యమా?" అంది. పగిలి నెత్తురు కారే మడమలకు మూడు వారాలుగా ఆమె దాన్నే రాసుకుంటోంది, కొడుకు పంపాడని. పైకి కనబడే నల్లచుక్క బూజులో చిన్న భాగం. అది కనబడేనాటికే లోపలంతా అల్లుకుని ఉంటుంది. కనబడని బాక్టీరియా అయితే రంగూ మార్చకపోవచ్చు, వాసనా ఇవ్వకపోవచ్చు. నీళ్లు, కలబంద చక్కెరలు, తడి వేలు - నేను క్రిములకు కట్టిన ఇల్లు అది. ఆ సాయంత్రమే మిర్యాలగూడ తీసుకుపోయి డాక్టరుకు చూపించాం. అదృష్టం, కొత్తగా చీము పట్టలేదు. డబ్బా సంగతి చెప్పినప్పుడు ఆయన నన్ను ఏమీ అనలేదు. ఏం చదువుతున్నావని మాత్రం అడిగాడు. కెమిస్ట్రీ అని చెప్పడానికి సిగ్గేసింది.

రాత్రిపూట రాయమని 20 శాతం యూరియా ఉన్న క్రీము రాసిచ్చాడు. బయటికొచ్చాక అమ్మ, "యూరియానా? అది కొట్టంల సంచులకు సంచులు ఉంది గదరా!" అంది. నవ్వులాటకు అన్నా చెప్పాల్సిన మాటే. యూరియా మన చర్మంలో సహజంగానే ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది, ఎక్కువ శాతంలో మొద్దుబారిన చర్మాన్ని మెత్తపరుస్తుంది. 1828లో వోలర్ ప్రయోగశాలలో తయారు చేసింది ఇదే యూరియా. అయితే పొలం సంచి యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి చేశారు, పైగా అది ఎరువు ప్రమాణాలకు చేసినది, మందు ప్రమాణాలకు కాదు. దాన్ని కరిగించి కాళ్లకు రాయకండి, ఊళ్లో ఎవరైనా రాస్తుంటే ఆపండి.

పగటికి మాత్రం నీళ్లలో నిలిచే పూత కావాలి. ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే నాయనమ్మ మందు గుర్తొచ్చింది. కాలిన పుండ్లకు సున్నపు తేటా కొబ్బరినూనే సమానంగా గిలకొట్టి రాసేది. తెల్లగా వెన్నలా అయ్యేది. నూనెలోని కొవ్వు ఆమ్లం సున్నంతో కలిసి కాల్షియం సబ్బు అవుతుంది. బట్టల సబ్బు సోడియంది గనుక నీళ్లను బయట ఉంచుతుంది, కాల్షియం సబ్బు నూనెను బయట ఉంచుతుంది. స్కాట్లాండులో కారన్ ఇనుప కర్మాగారం వాళ్లు సున్నపు తేట, అవిసె నూనె కలిపి కాలిన గాయాలకు వాడేవారట, దాన్ని కారన్ ఆయిల్ అనేవారు. ఎక్కడి స్కాట్లాండు, ఎక్కడి నాయనమ్మ! (కాలినప్పుడు వెంటనే చల్లటి నీళ్లు ధారగా పోయడమే సరైన పని, ఇది కాదు.) వెన్న రకమే గనుక అమ్మకు పనికొస్తుందనుకున్నాను గాని, సున్నపు తేట పి.హెచ్. 12 పైన ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. పగుళ్లలో మండుతుంది. పాత కోల్డ్ క్రీముల పద్ధతిలో తేనెమైనానికి బోరాక్స్ కలపవచ్చు, కాని పగిలిన చర్మం గుండా బోరాన్ లోపలికి పోతుంది. అదీ వద్దనుకున్నాను.

చివరకు తట్టింది - నీళ్లే ఎందుకు? నీళ్లు లేకపోతే కలిపే పదార్థం అక్కర్లేదు, బూజుకు బతుకు లేదు, నీళ్లలో కరిగే భయం లేదు. క్రీము కాదు, లేపనం. సంచిలో తెచ్చుకున్న తేనెమైనం ఉంది, ఇంట్లో నువ్వుల నూనె ఉంది, ఆముదం ఉంది. ఒకప్పుడు మా జిల్లాలో మెట్ట చేలన్నీ ఆముదాలే. ఆముదం మిగతా నూనెల కన్న ఎందుకు అంత జిడ్డు? దాని రిసినోలిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ గుంపు అదనంగా ఉంది. అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అదే గుణం మడమను కూడా పట్టుకుంటుందని మైనం 20, నువ్వుల నూనె 50, ఆముదం 30 వేశాను. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. నీళ్లు కాగే గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది.

గట్టిదనం చూడటానికి కాటా అక్కర్లేదు. చల్లటి పళ్లెం మీద ఒక చుక్క వేసి వేలితో నొక్కి చూడాలి, అరిసెల పాకం నీళ్లలో వేసి చూసినట్టే. అయితే మొదటి డబ్బాను పొయ్యి గట్టు మీదే వదిలేస్తే తెల్లారేసరికి గరగరలాడే పలుకులు కట్టింది. అమ్మ మురిసిపోయింది: "పూస కట్టింది బిడ్డా, అసలు నెయ్యోలె!" నేతికి పూస కట్టడం నాణ్యత, లేపనానికి దోషం. కారణం మాత్రం రెండింటికీ ఒకటే. మెల్లగా చల్లారితే స్ఫటికాలకు పెరిగే తీరిక దొరుకుతుంది, పెద్దవి అవుతాయి. మళ్లీ కరిగించి, గిన్నెను చన్నీళ్లలో పెట్టి కలుపుతూ గబగబా చల్లారిస్తే లెక్కలేనన్ని చిన్నవి పుట్టి నున్నగా వచ్చింది. చలికాలం కొబ్బరినూనె వాడకపోవడం కూడా కావాలనే. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, డిసెంబరులో రాయి, ఏప్రిల్‌లో నీళ్లు.

రంగు పసుపుపచ్చగా, మైనం వాసనతో, అక్క చూస్తే ముట్టుకోనట్టుంది. పండుగ మర్నాడు అమ్మ దాన్ని కాళ్లు తుడుచుకుని, పొడి వేలితో పగుళ్లలో నింపుకుని నాటుకు పోయింది. నేను గట్టు మీద నిలబడి చూశాను. నీళ్లు తెల్లబడలేదు. సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ తీర్పు చెప్పింది: "నీళ్లు పోతలేవు గని, మట్టి అంటుకుంటది. శెనగపిండితోని రుద్దితే గని పోలె." మైనం తగ్గిస్తే మట్టి అంటదు, పూత నిలవదు. ఈ పేచీ ఇంకా తేలలేదు. ఆముదం పది తగ్గించి నువ్వుల నూనె పెంచి ఒక డబ్బా, మొక్కజొన్న పిండి కలిపి ఇంకొక డబ్బా చేసి పెట్టాను. పిండి కలిపినది తడి తగలకుండా ఎన్ని రోజులు బాగుంటుందో ముందు నా బల్ల మీదే చూస్తున్నాను. అక్క లోషన్‌లోనూ పిండి ఉంది గనుక ఆమె సీసాను కూడా నెలకొకసారి కొత్తగా చేసి ఇస్తున్నాను.

మొన్న ఫోనులో అమ్మ, ముఠాలో మిగతా ఆరుగురు కూడా అడుగుతున్నారని, ఉగాదికి వచ్చేటప్పుడు పెద్ద డబ్బా తెమ్మని చెప్పింది. అప్పటికి ఎండలు ముదురుతాయి గనుక మైనం 24 చేయాలేమో. ఈసారి ముందు నా మడమలకు రాసుకుని, రెండు వారాలు చూసి పంపుతాను. "ఎన్నో వెర్షన్?" అని బావ అడిగాడు. పదకొండు.